బొమ్మ కింద రాత

సోమవారం పొద్దున టీ గది గోడకి అంటించిన కాగితం మీద కొత్త బొమ్మ వెలిసింది.

లావుపాటి పెద్దావిడ. నెత్తిన గొడుగంత పళ్లెం. కుడి నడుం పట్టుకుని ఒంగిపోయింది. నడుంలోంచి గుండ్రటివేవో రాలి కింద పడుతున్నాయి.

ఉపగ్రహాల జాడ కనిపెట్టే ఆ స్టేషన్లో ఆవిడెవరో అందరికీ తెలుసు. ఆవరణలో నిలబడ్డ యాంటెన్నా. గీసిందెవరో కూడా తెలుసు. దాని కీళ్లకు గ్రీజు పెట్టే కాంట్రాక్టు మనిషి, గ్రీజు బాబాయి.

ఆయన బొమ్మ మాత్రమే గీసేవాడు. కింద మాట రాయడం మిగతావాళ్ల సరదా. బాగా రాసినవాళ్లకి ఆ వారం టీ కాచే వంతు తప్పుతుంది.

ఆపరేటర్ కాసేపు పెన్ను కొరికి రాశాడు.

"కొత్త సార్ నడక. దారి పొడవునా నొప్పి మాత్రలు."

గది ఘొల్లుమంది. కిందటి వారమే చేరిన ఇన్‌ఛార్జికి నడుం నొప్పి. కుడి చెయ్యి నడుం మీంచి తియ్యడు.

"ఏం రాశారమ్మా?" గ్రీజు బాబాయి టైపిస్టును అడిగాడు. "కళ్లజోడు ఇంట్లో మరిచిపోయా."

"నీ కళ్లజోడు ఏనాడు గడప దాటింది గనక బాబాయ్?" అంటూ ఆమె చదివి వినిపించింది.

ఆయన నవ్వలేదు. "అది సార్ కాదమ్మా."

"అవునవును. మాకు తెలీదూ?"

"పాత సారుంటే..." అని ఆగిపోయాడు.

పాత ఇన్‌ఛార్జి టీ గ్లాసుతో ప్రతి బొమ్మ ముందూ పది నిమిషాలు నిలబడేవాడు. ఒక్కసారీ నవ్వేవాడు కాదు. హాస్యం ఆయన ఒంటికి పడదనుకునేవారు. రెండు నెలల కిందట గుండె ఆగి పోయాడు, ఎవరికీ ఏదీ అప్పగించకుండానే.

మధ్యాహ్నానికి బొమ్మ కొత్త సార్ కంటపడింది. బాబాయిని పిలిపించాడు.

"గీసింది నువ్వేనా?"

"నేనేనండి. ఆ కుడి కీలు ఒకసారి విప్పి చూపించుకోవాలి సార్. మరీ అరిగిపోయింది."

"నా కీళ్ల సంగతి నీకెందుకయ్యా?"

"మీది కాదండి, యాంటెన్నాది. చెయ్యి ఆనిస్తే గరగరమంటోంది."

"ఇప్పుడిలా మాట తిప్పుతున్నావా? నోటి మాటలు నేను వినను, చేరిన రోజే చెప్పాను. ఏదున్నా కాగితం మీద పెట్టివ్వు."

"పెట్టాను కదండీ."

ఇన్‌ఛార్జి మొహం కందగడ్డయింది. సాయంత్రం గేటు దగ్గరే పనిలోంచి తీసేసిన ఆర్డరు చేతికిచ్చి, ఆయన్ని పంపేశారు. గోడ మీద బొమ్మలు బంద్.

మూడు వారాలు గడిచాయి.

ఆ రోజు ఒక ఉపగ్రహం అదుపు తప్పి కిందికి జారుతోంది. స్టేషన్ మీదుగా వెళ్లే తొమ్మిది నిమిషాల్లో దానికి ఆదేశం పంపాలి. పంపలేకపోతే రెండు వందల మంది ఆరేళ్ల కష్టం బూడిదే.

"వస్తోంది సార్" అన్నాడు ఆపరేటర్.

యాంటెన్నా తల ఎత్తింది. సగం తిరిగింది. రాయిని రాయితో నూరినట్టు చప్పుడు. ఆగిపోయింది.

"తిప్పు."

"తిరగట్లేదు సార్."

"మళ్లీ తిప్పు."

తొమ్మిది నిమిషాలూ అయిపోయాయి. తెర మీద గీత సాపుగా పడుకుంది. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు.

మెకానిక్కులు కుడి కీలు విప్పారు. పగిలిన ఉక్కు గోళీలు జలజలా రాలాయి. ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఇన్‌ఛార్జి బూటు దగ్గర ఆగింది.

ఆపరేటర్ వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "మాత్రలు కావు సార్ అవి."

టైపిస్టు పరుగున వెళ్లి ఒక ఫైలు తెచ్చింది. ముచ్చటపడి దాచుకున్న బొమ్మలు, వెనక తేదీలతో. పక్కన మరమ్మతుల పుస్తకం తెరిచింది.

పెద్దావిడ మోకాలు వాచిన బొమ్మ. రెండు రోజులకి, ఎడమ మోటారు మార్పు.

తుమ్ముతున్న బొమ్మ. మర్నాడు, గొట్టంలో చేరిన నీరు తీత.

ఎలుక జడ కొరుకుతున్న బొమ్మ. ఆ సాయంత్రమే, కొత్త కేబుల్.

ప్రతి మరమ్మతు కిందా పాత సార్ సంతకం. పదకొండేళ్లు.

ఇన్‌ఛార్జి ఒక్కో సంతకమూ వంగి చూశాడు. నడుం మీంచి చెయ్యి జారిపోయింది.

"ఈ బొమ్మలెందుకు? కుడి కీలు పోతోందని ఒక్క ముక్క రాసిచ్చుంటే సరిపోయేది కదా. ఒక్క ముక్క."

టైపిస్టు ఫైళ్లన్నీ వెతికింది. గేటు దగ్గర ముట్టజెప్పిన ఆర్డరు నకలు, ఎవరూ తిరిగి చూడనిది, బయటికి తీసి ఆయన ముందు పెట్టింది.

అందుకున్నట్టు సంతకం ఉండాల్సిన చోట, సిరా అవసరం లేకుండానే, గ్రీజుతో నల్లగా ఒక వేలిముద్ర ఉంది.