నీలం వల ముక్క

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పినా, కథ మెల్లగా నడిచినా మన్నించండి.

“వదినా, సంచులు నేనిప్పుతా. నువ్వు గట్టు మీదనే ఉండు,” అన్నాడు ప్రభాకర్, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి.

జంపక్కకు మనసొప్పలేదు. చేపపిల్ల వచ్చిన ప్లాస్టిక్ సంచులను కట్టు విప్పకుండా కాసేపు చెరువులో తేలనివ్వాలి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్కతీరుగా చల్లబడ్డాకే మూతి విప్పాలి. లేకపోతే పిల్ల చస్తుంది. భర్త బతికున్నన్నాళ్ళూ అలాగే చేశాడు.

“తేలెయ్యకుండనే ఇప్పుతున్నవేంది?”

“మబ్బు పట్టింది కదా, ఏం కాదు. అన్న లేని లోటు నీకు రానిస్తనా?”

ఆ మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి. ప్రభాకర్ మరిది. పైగా చేపల సొసైటీ అధ్యక్షుడు. వేసవిలో ఎండి నెర్రెలిచ్చిన చెరువు ఆ ఏడు నిండింది. చేప బాగా పడితే, పోయిన భర్త సభ్యత్వం ఆమె పేరున రాయిస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. అందుకు ఆమె నీటికాకులు వాలకుండా కావలి కాయాలి. నల్లటి ఆ పక్షులు మునిగి మునిగి చేపపిల్లను ఊడ్చేస్తాయి.

మర్నాటి నుంచి జంపక్క పాత నూనె డబ్బా వాయిస్తూ గట్టు మీదే ఉంది. చెరువు నిండా నీటికాకులే. ఒకదాని కాలికి నీలం వల ముక్క చుట్టుకుని ఉంది. అది మునిగేది, ఖాళీ ముక్కుతో తేలేది.

“ఏమే నీలి కడియందానా, దొరకలేదా? నా డబ్బా చప్పుడుకు మా పిల్ల అడుగుకు దిగింది!” అని నవ్వేది.

పదిహేను రోజులకు ఒక్క పక్షీ మిగల్లేదు.

“గెలిచినవ్ వదినా,” అన్నాడు ప్రభాకర్.

మరుసటి వేసవిలో వల లాగారు. నాచు, నత్తలు, దోసెడు పరక చేపలు.

“డబ్బా కొట్టినవా, గట్టు మీద పండుకున్నవా?” సొసైటీ సభ్యురాలు గంగక్క అందరికన్నా ముందు అరిచింది.

“పదిహేను దినాల తర్వాత ఒక్క పిట్ట వాలలే. ప్రభాకరూ, నువ్వు చూసినవ్ కదా. చెప్పు!”

ప్రభాకర్ తల దించుకున్నాడు. “దినమంతా నేనున్ననా వదినా?”

సభ్యత్వం రాకుండా పోయింది. సొంత మరిది ఒక్క మాట సాయం రాలేదు. అంతకు మించిన ద్రోహం ఉండదనుకుంది జంపక్క.

నెల తిరగకుండానే డబ్బా చంకన పెట్టుకుని, తల్లాడ అవతల ఎవరిదో కొత్త చేపల చెరువుకు కావలి కూలికి పోయింది. గట్టంతా నల్లగా నీటికాకులు.

“నిరుడు వానకాలంల పిల్ల ఏసినం. పదిహేను దినాలకే దిగినయ్ ఈ పీడలు,” అన్నాడు అక్కడి మనిషి హాతీరాం. “మా ఆసామి మాత్రం గట్టోడక్కా. దగ్గరుండి సంచులు కాసేపు తేలేయించిండు. ఒక్క పిల్ల చావలే.”

నీళ్ళు చీల్చుకుని ఒక పక్షి లేచింది. ముక్కులో తళతళలాడే చేప. కాలికి నీలం వల ముక్క.

డబ్బా కొట్టడానికి ఎత్తిన కర్ర జంపక్క చేతిలోనే ఆగిపోయింది.

“మీ ఆసామి ఎవరు, అన్నా?”

“గదుగో, వస్తనే ఉన్నడు.”

గట్టెక్కి వచ్చినవాడు ప్రభాకర్.

— విశ్రాంతమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది కొత్తగూడెంలో.