గంగమ్మ వాటా

"ఒలే గౌరీ, ఆ సీసా తీత్తన్నానే. ఇయాల్టికి పదేళ్లు నిండిపోనాయి," అన్నాడు వరహాలు.

గౌరి కోస్తున్న చేపను కత్తిపీట దగ్గరే వదిలేసి లేచింది.

"ఇయాల వొద్దు మావా. పలాస ఆస్పత్రి డాక్టరమ్మ ఏటంటాదో?"

"నిన్ననే అడిగేను. ఒక్క గుక్కకి ఏటీ కాదంది. క్రియాటినిన్ పెరగనేదు, అదే పదివేలంది."

"అయితే పున్నానికి తీద్దాం."

"పదేళ్లు ఆగినోణ్ని. ఇంకా పున్నం దాకా ఎందుకే?"

అరుగు మీద కూర్చున్న మనోహర్ నవ్వాడు. అతను గౌరి తమ్ముడు, ఓడలో వంటవాడు. పదేళ్ల కిందట ఆ తెల్ల వైన్ సీసా తెచ్చింది అతనే. ఫ్రాన్సులో తాత నాటిన ద్రాక్షతీగలకు మనవలే కాయ కోసి, వాళ్లే పులియబెట్టి, వాళ్లే సీసాలకెత్తే ఇంటి నుంచి తెచ్చాడు. అప్పుడే వరహాలుకు కిడ్నీలు దెబ్బతిన్నాయని రిపోర్టు వచ్చింది. మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఇది ఇప్పుడు తాగితే పులుపు బావా. పదేళ్లు పడుకోబెడితే తేనె రంగు తిరుగుతాది. తాగాలంటే నువ్వుండాల మరి," అని మనోహర్ సీసా చేతిలో పెట్టాడు.

అంతే, వరహాలు లేచి కూర్చున్నాడు. గోలెంలో ఇసక పోసి, సీసాను అందులో పడుకోబెట్టి, పూటపూటా నీళ్లు చిలకరించాడు. కన్నబిడ్డలకు కూడా అంత సేవ చేసి ఉండడు. ఉప్పు మానమంటే మానేశాడు, డబ్బా నీళ్లే తాగమంటే అవే తాగాడు. వరహాలును బతికించింది మందులు కాదు, సీసా అని డొంకూరు ఊరంతా చెప్పుకుంటుంది.

ఆ సీసాలో ఉన్నది బిందెలో నీళ్లని గౌరికొక్కదానికే తెలుసు. అతను ఇంకా గడప దాటలేని ఆ మొదటి నెలలోనే, మగాళ్లంతా వేటకెళ్లిన పొద్దుట, ఆమె దాన్ని కొంగు కింద దాచి ఇంటి ముందరి ఒడ్డుకు పట్టుకెళ్లింది. "మా ఇంట్లో ఇంతకన్నా ఇలువైంది నేదు తల్లీ. ఇది పుచ్చుకో, ఆయన్ని నాకొదిలెయ్యి," అని గంగమ్మకు మొక్కి చివరి చుక్క దాకా కెరటాల్లో పోసేసింది. తరవాత సీసాలో నీళ్లు నింపి, బిరడా బిగించి, పైన కొవ్వొత్తి కరిగించింది. మళ్లీ ఆ గోలెం ముట్టుకుంటే ఒట్టు.

తిడతాడని కాదు ఆమె భయం. పదేళ్లు ఏ ఆశ పట్టుకుని బతికాడో అది ఉత్త నీళ్లని తెలిస్తే ఈ మనిషి ఏమైపోతాడు?

"మావా, నీకొక మాట సెప్పాల," అంది.

"తాగేక సెప్పు." అప్పటికే ఇసక తోడి సీసా పైకి తీశాడు.

మనోహర్ బిరడాలోకి మరమేకు దించి, తిప్పి లాగాడు. బిరడా టప్పుమంది. గౌరి కొంగులో మొహం దాచుకుంది.

ముందుగా వాసన వచ్చింది. తేనె వాసన, దాని వెనకే జీడిపప్పు నేతిలో వేగుతున్న వాసన. కొంగు తీసి చూసింది. గాజు గ్లాసులో బంగారం రంగు మెరుస్తోంది.

తన చేత్తో పోసిన నీళ్లు కదా అవి. గంగమ్మ తిరిగి ఇచ్చేసిందా? గౌరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సముద్రం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. కొత్త పడవ దింపినా, కొత్త సీసా విప్పినా వాళ్లలో మొదటి గుక్క ఆ తల్లిదే.

"ముందు గంగమ్మకి పొయ్యి మావా," అంది.

వరహాలు గ్లాసు తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఆ తల్లికి నువ్వు నిండు సీసా పోత్తంటే కిటికీలోంచి సూసేనే, మరుసటేడు మీ తమ్ముడి సేత అదే ఇంటిది, అదే ఏటి కాపుది ఇంకోటి తెప్పించి ఇసకలో ఎట్టేను, ఇది నీ వాటా."