మూత కింద కునుకు

వకుళ పెరట్లో బల్ల మీద లాప్‌టాప్, బల్ల కింద తాబేలు ఉండేవి. మూత దించితే లాప్‌టాప్, వకుళ రాసినదంతా తలలోనే పట్టుకుని కునుకు తీసేది. మూత ఎత్తగానే టక్కున లేచేది. తాబేలు మాత్రం మట్టిలో దూరి పడుకునేది. లేచి తల బయటపెట్టేసరికి పొద్దెక్కేది.

“ఇంకా తెల్లారలేదా తాతా?” అని లాప్‌టాప్ వెక్కిరించేది.

“కునుకులోనూ నీ చార్జింగ్ కరుగుతుంది నాయనా. అది అయిపోతే తలలో ఉన్నది పోతుంది. ఎక్కువసేపు పడుకునేటప్పుడు అంతా డిస్కులో దాచుకుని, పూర్తిగా ఆరిపో.”

“నీలా నిదానంగా లేవమంటావా? వకుళ నన్ను అవతల పారేస్తుంది!”

ఒకరోజు వకుళ, అమ్మమ్మ ఫోనులో పాడిన లాలిపాట రాసుకుని, పని పడి మూత దించి వెళ్ళింది. మూడు రోజులకు తిరిగొచ్చేసరికి చార్జింగ్ లేదు, పాటా లేదు.

“అమ్మమ్మా, ఇంకొక్కసారి పాడవూ?”

“సగమే గుర్తొస్తోంది తల్లీ” అంది అమ్మమ్మ.

వకుళ లాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టి, ఆ సగమే రాసుకుని మూత దించింది. లాప్‌టాప్ ఈసారి కునుకు తీయలేదు. పాటను డిస్కులో దాచి ఆరిపోయింది. మర్నాడు అది మెల్లగా మేలుకుంటుంటే, వకుళ విసుక్కోకుండా ఎదురుచూసింది. సగం పాట ఒక్క అక్షరం పోకుండా వచ్చింది.

బల్ల కింద తాబేలు అప్పుడే తల బయటపెట్టింది.

“తెల్లారిందా నాయనా?”

“ఇప్పుడే తాతా” అంది లాప్‌టాప్.