మూలన పెన్సిలు గీత

ఎవరో తలుపు కొట్టారు.

కురుమూర్తి ఉలిక్కిపడ్డాడు. గద్వాలలో ఆయన తలుపు కొట్టే మనిషే లేడు మరి!

తపాలా ఆఫీసులో రిటైరయ్యాక ఆయనకు పాత నవలలే లోకం. అవీ ఏవి పడితే అవి కాదు. మొదటి ముద్రణ అయ్యుండాలి, అట్ట మీది కాగితపు జాకెట్టు చెక్కుచెదరకుండా ఉండాలి. మూడు బీరువాల నిండా పుస్తకాలు. పలకరించే నోరు మాత్రం ఒక్కటీ లేదు.

తలుపు తీస్తే చేతిసంచితో ఓ ముసలాయన.

"సారూ, అమరచింత నుంచి వచ్చిన. నన్ను ఇస్రాయేలంటరు. పుట్టిల ఆడమనిషి కూసున్న బొమ్మ పుస్తకం మీ తాన ఉన్నదని ఇక్బాల్ చెప్పిండు. జర చూపిస్తరా?"

ఇక్బాల్‌ది అమరచింతలో పాత కాగితాల దుకాణం. ఆ నవల దొరికింది అక్కడే.

కురుమూర్తికి ప్రాణం లేచొచ్చింది. తన పుస్తకం చూస్తానని ఒక మనిషి రావడం ఎన్నాళ్లకు!

"చేతులు కడుక్కో పెద్దాయనా."

కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో రంగు మాత్రం పోలేదు.

1970 నాటి నవల. జాకెట్టు మీద నిండుగా పారే కృష్ణమ్మ, నీటి మీద గుండ్రటి బుట్టపడవ లాంటి పుట్టి, అందులో ఒంటరి స్త్రీ. లోపలి మడతలో 'ముఖచిత్రం' అని అచ్చువేసి పక్కన పేరు వదిలేశారు. ఆ పేరు కోసం కురుమూర్తి ఇరవై ఏళ్లుగా ఉత్తరం రాయని చోటు లేదు. చచ్చేలోపు తెలిస్తే చాలనుకునేవాడు.

ముసలాయన బొమ్మను చూస్తూ ఉండిపోయాడు. పోనీలే పాపమని కురుమూర్తి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి ఇంకేముంది! ముసలాయన చేతిలో పెన్సిలు. జాకెట్టు కింది మూలన ఏదో గీత.

"అయ్యో అయ్యో! ఏం పనయ్యా ఇది!"

"సారూ, పని అయినంక మూలకు రాసుడు అలవాటు. ఇది..."

"నీ అలవాటు పాడుగాను! ఇన్నేండ్లు కంటికి రెప్పలెక్క కాపాడుకున్న. నడువు బయటికి!"

ముసలాయన చేతులు జోడించాడు. సంచి తీసుకుని మెల్లగా మెట్లు దిగాడు.

కురుమూర్తి మెత్తటి రబ్బరుతో ఆ గీతను తుడిచేశాడు. కోపంలో అదేమిటో చూడనైనా లేదు. ఆనవాలు కూడా మిగల్లేదు.

రెండు గ్లాసుల చాయ్ అలాగే చల్లారిపోయింది.

పది రోజులు గడిచాయి. ఇల్లు మళ్లీ నిశ్శబ్దం. ఆ ముసలాయన జోడించిన చేతులే గుర్తొస్తున్నాయి. ఉండబట్టలేక ఇక్బాల్ దుకాణానికి వెళ్లాడు.

"ఇక్బాల్, ఆ ఇస్రాయేలు కనిపిస్తే మళ్లొక్కసారి రమ్మను. చాయ్ గూడ తాగకుండ పాయె."

"ఇంకెక్కడి తాత సారూ! మొన్న ఐతారం పోయిండు."



ఇక్బాల్ తల పైకెత్తి దుకాణం బోర్డు చూపించాడు. "గిది గూడ ఆయన రాసిందే. కింద మూలకు చూడుండ్రి."

చిన్న అక్షరాల్లో 'ఇస్రాయేలు' అని ఉంది.

"పని అయినంక పేరు పెట్టకుంటే నిద్ర పట్టదనేటోడు."

కురుమూర్తి బోర్డుకు దగ్గరగా జరిగాడు. "మరి నా పుస్తకం మీద ఎందుకు గీసిండు?"

"గా పుట్టి బొమ్మ ఏసింది ఆయనే సారూ, నాకూ గా దినమే చెప్పిండు! పేరు అచ్చెయ్యనే లేదని యాభై ఏండ్ల సంది మనసుల పెట్టుకున్నడు, గిప్పుడన్న రాసుకొని వస్తనని బస్సెక్కిండు."