మూడో లాంచర్

ఫోన్ పెట్టేసి కొత్తమ్మాయి ఏడ్చేసింది. ఉద్యోగంలో చేరి పదకొండు రోజులే అయింది.

"నీకు జీతం ఎవడిస్తున్నాడు? అసలు నువ్వు మనిషివా, మరబొమ్మవా?" అన్నాడట ఫోన్లో ఆ మనిషి. ఇంకా కొన్ని అన్నాడు గానీ, అవి ఆ అమ్మాయి నోటితో చెప్పలేకపోయింది.

పక్క సీటులోని సీనియర్ కుర్చీ జరుపుకుని వచ్చింది. అసలే నాలుగు రోజులుగా ఆవిడ మనసు మనసులో లేదు. ఫోన్ టింగుమంటే ఉలిక్కిపడుతోంది, ఎవరైనా పలకరిస్తే కస్సుమంటోంది. అయినా వచ్చి, పిల్ల భుజం మీద చెయ్యేసి, స్క్రీన్ మీదున్న ఫిర్యాదు చదివింది. మళ్లీ చదివింది. ఆవిడ ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"ఇది నాకు మార్చు," అంది.

"వద్దక్కా. వాడి నోరు మంచిది కాదు."

"మార్చమన్నానా!"

ఫిర్యాదు కొత్తదేం కాదు, రోజుకి వందసార్లు వచ్చేదే. కోటలు కట్టే ఆట ఒకటి, గుమ్మాలు మూడు. ఆటని అమ్మేది ఒక కంపెనీ, తయారుచేసింది ఇంకొకటి, పోటీలు నడిపేది వీళ్ల కంపెనీ. ఆటని తెరిచే లాంచర్ ఎవరిది వాళ్లదే, ఎవరి అకౌంటు వాళ్లదే, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. కంప్యూటర్లో ఆట మొదలవ్వాలంటే ముగ్గురికీ వరసగా దణ్ణాలు పెట్టుకోవాలి. ఆ మనిషి మొదటి రెండు గుమ్మాలూ దాటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు మూడోది అడ్డంపడింది. పాత ఫోన్ నంబరుకి పంపిన కోడ్ చెబితేగానీ లోపలికి రానివ్వనంటోంది.

నాలుగింటికి పోటీ ఫైనల్. జట్టులో మిగతా నలుగురూ ముందే వచ్చి కూర్చున్నారు. ఇతను రాకపోతే జట్టు మొత్తం ఔట్. అప్పటికి టైము రెండుంబావు.

ఆవిడ హెడ్‌సెట్ తగిలించుకుని అతనికి ఫోన్ కలిపింది. గొంతులో తేనె పోసుకుంది.

"నమస్కారం సార్. మీకు కలిగిన ఇబ్బందికి చాలా బాధగా ఉందండీ."

"బాధ తర్వాత పడుదువుగాని, ముందు నంబరు మార్చు. ఆ పాత నంబరు ఇప్పుడు నా దగ్గర లేదు. పోయింది."

"అయ్యో, అలాగేనండీ. అకౌంటు మీదేనని తేల్చుకోవడానికి చిన్న ప్రశ్న. మీ కోటలో మీరు మొట్టమొదట కట్టింది ఏది?"

"గోడ."

"కాదండీ," అంది ఆవిడ, స్క్రీన్ వైపు చూడకుండానే.

"అయితే బురుజు. తొమ్మిదేళ్ల కిందట మొదలెట్టిన కోటమ్మా అది! ఎవడికి గుర్తుంటుంది?"

"నిజమేనండీ. ఎవరికి గుర్తుంటుంది?"

కొత్తమ్మాయి కళ్లు తుడుచుకుని తన కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత గంటసేపు ఆవిడ అతన్ని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది. మొదటి లాంచర్ మూసి తెరవమంది. తెరిచాక రెండోదాంట్లోంచి బయటికి రమ్మంది. వచ్చాక, అలా కాదండీ, మళ్లీ మొదటిదాంట్లోకి వెళ్లాలి అంది. 'నేను మనిషినే' అన్న గడిలో టిక్కు పెట్టి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ ఏరమంది. నువ్వు మరబొమ్మవా అని అడిగిన ఆ నోటితోనే అతను "ఏరానమ్మా" అన్నాడు. కొత్తమ్మాయి నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మూడున్నరకి అతని గొంతు దిగొచ్చింది. "మేడమ్" అనడం మొదలుపెట్టాడు.

"గుర్తింపు కార్డు గుండెలకి ఆనించి పట్టుకుని ఒక ఫోటో పంపండి సార్."

పంపాడు.

"కాస్త మసగ్గా ఉందండీ. కిటికీ దగ్గర నిలబడి తీయండి. నవ్వకూడదు."

"నవ్వెక్కడొస్తుంది మేడమ్!"

మళ్లీ పంపాడు. ఈసారి గడ్డం కింది గాటుతో సహా కనబడుతున్నాడు. ఆవిడ ఆ ముఖాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది.

"ఇప్పుడు ఇంటి చిరునామా, తలుపు నంబరుతో సహా. ఆఖరుగా ఒక తెల్లకాగితం మీద 'ఈ అకౌంటు తొమ్మిదేళ్లుగా నాదే' అని మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, అది కూడా ఫోటో తీసి పంపండి."

"అక్కా, ఇవన్నీ రూల్సులో ఉన్నాయా?" కొత్తమ్మాయి గుసగుసగా అడిగింది.

ఆవిడ మైకుని వేలితో మూసింది. "అన్నీ ఉన్నాయి. మనమే జాలిపడి అడగం."

ఆవిడకి హాయిగా ఉంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపు చల్లబడింది. సాటి మనిషిని మరీ ఇంతలా ఏడిపించడం తప్పేమోనని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇంకో గంట దొరికితే ఇంకో గంట ఏడిపించేదే.

మూడూ యాభై ఎనిమిది.

"మేడమ్, రెండే నిమిషాలు! అడిగినవన్నీ ఇచ్చాను. మీ కాళ్లు పట్టుకుంటాను. ఇంకా ఏం కావాలి?"

"ఇంకేమీ అక్కర్లేదు సార్. అన్నీ సరిపోయాయి. ఒక్క నిమిషం లైన్లోనే ఉండండి."

పాట పెట్టి వదిలేసింది. నాలుగయింది. నాలుగూ అయిదయింది. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టినా అందులోంచి అతని అరుపులు సన్నగా వినబడుతూనే ఉన్నాయి.

కొత్తమ్మాయికి మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకోసం ఇంత పగ తీర్చుకున్నావా అక్కా?" అంది.

ఆవిడ ఆ ఫోటోని, చిరునామాని, సంతకం పెట్టిన కాగితాన్ని సైబర్ పోలీసుల ఫిర్యాదు ఫారానికి జతచేసి, 'దొంగతనానికి గురైన అకౌంటు ఎవరిది' అన్న గడిలో తన పేరు రాసింది.