ముందు సీటు

"పెట్రోలు వాసనకు కడుపులో తిప్పుతాదప్పా సామ్యేలూ" అంటూ ఆళ్లగడ్డ పురోహితులు వరదరాజులు స్వామి ఏనాడూ నా పక్కన కూర్చోలేదు. ఉత్తరీయంతో ముక్కు మూసుకొని జీపు వెనక మూలకు ఒదిగేవారు. వినీ వినీ నా బండి మీద నాకే రోత పుట్టింది.

ఎనభై నాలుగులో ఇంట్లో ఉన్న ఒక్క బర్రెను అమ్మి, నంద్యాల షెడ్డులో ఆ పాత ఇంజను పీకించి, కొత్త డీజిలు ఇంజను వేయించాను. ముందు సీటుకు కొత్త గుడ్డ కుట్టించాను.

మొదటి బాడుగ స్వామిదే. నంద్యాలలో పెళ్లి.

"ముందర కూసోండి సామీ, పెట్రోలు చుక్క గూడా లేదు" అన్నాను సీటు తుడుస్తూ.

ఉత్తరీయం ముక్కు మీదికి పోయింది. "డీజిలు ఇంగా గబ్బు కొడతాందప్పా" అంటూ వెనకే ఎక్కారు.

పొగగొట్టం ఉన్నదీ వెనకే. దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నారు.

"ముందుకు రాండి సామీ, ఆడ పొగ కొడతాంది."

"ఈడే బాగుండాదిలేప్పా."

నంద్యాల రైలు గేటు పడింది. ఇంజను ఆపకుండానే దిగి, నీళ్లు తాగను పోయాను.

తిరిగొచ్చేసరికి స్వామి ముందు సీటులో ఉన్నారు. ఉత్తరీయం భుజాన ఉంది. హాయిగా గాలి పీలుస్తున్నారు. ఇంజను తిరుగుతూనే ఉంది.

నన్ను చూడగానే గబగబా దిగి, ముక్కు మూసుకొని వెనక్కు పోయారు.

దీనికా నేను బర్రెను అమ్ముకుంది, తూ!