నడుము లోతు నీళ్ళు

ఈతకొలను మెట్ల దగ్గర ఈత నేర్పే కుర్ర మాస్టారు చెయ్యి చాపాడు.

కండక్టరమ్మ ఆ చేతి వంక చూసింది గానీ, పట్టుకోలేదు.

"మీ చెయ్యి మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ. కదిలే బస్సులో కడ్డీ పట్టుకోకుండా టిక్కెట్లు కొట్టినదాన్ని."

అనడమైతే అంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి, మోకాలు కలుక్కుమనడంతో ఒడ్డునే చతికిలబడింది.

ఉద్యోగం అయిపోయాక ఆమెకు మిగిలినవి ఆ పేరూ, అరిగిపోయిన మోకాళ్ళూ. కీళ్ళవాతం ఉంది కదా అని కదలకుండా కూర్చుంటే కీళ్ళు ఇంకా బిగుసుకుపోతాయని డాక్టరు గట్టిగానే చెప్పాడు. గోరువెచ్చని నీళ్ళలో నడిస్తే ఒంటి బరువు చాలా మటుకు నీళ్ళే మోస్తాయట.

ఆమె గది మేడ మీద. కిటికీ తెరిస్తే రోడ్డూ, వచ్చే పోయే బస్సులూ కనిపిస్తాయి. ఇక మెట్లెక్కడం కష్టం, కింద వంటింటి పక్క గదిలోకి మారిపొమ్మని కొడుకు రోజూ చెవిలో పోరుతున్నాడు. కోడలు ఒక చేతికర్ర కూడా కొనుక్కొచ్చింది. దాన్ని బీరువా వెనక్కి తోసేసి, పంతం కొద్దీ ఇక్కడికి వచ్చింది. ఇక్కడా కుదరకపోతే ఆ గది పోయినట్టే.

"అమ్మా, కాస్త చెయ్యి ఇస్తావా?"

పక్కకు తిరిగి చూసింది. సన్నటి ముసలావిడ ఒకామె, తడిసిన పిచ్చుకలా వణుకుతూ నిలబడి ఉంది. చేతివేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి.

"నాకు నీళ్ళంటే భయం. డాక్టరేమో దిగమంటాడు. ఒక్కదాన్నీ దిగలేను తల్లీ."

సాయం అడిగితే లేదనడం కండక్టరమ్మకు చేతకాదు. బస్సులో ముసలివాళ్ళ సంచులు అందుకుని, చంటిపిల్లల్ని ఎత్తుకుని, ఎందరిని ఎక్కించి దించిందో.

"రా అక్కా, నేనున్నాగా," అంటూ లేచింది.

ఆవిడను జాగ్రత్తగా దించే హడావిడిలో తనూ మెట్టు తర్వాత మెట్టు దిగుతున్న సంగతే గమనించుకోలేదు. తెలిసేసరికి ఇద్దరూ నడుము లోతు నీళ్ళలో ఉన్నారు. ఆఖరి స్టాపులో జనమంతా దిగిపోయిన బస్సులా ఒళ్ళు తేలికైపోయింది.

ఆవిడకు కండక్టరమ్మ పెట్టుకున్న పేరు పిచ్చుకక్క. ఆ రోజునుంచి ఆవిడ బాధ్యత తనదే. "రైట్ రైట్" అంటే ఇద్దరూ నడవాలి. "హోల్డాన్" అంటే ఆగాలి. అవతల ఈతకొట్టే వాళ్ళు నవ్వుకున్నా ఆమె లెక్కచేయలేదు.

పిచ్చుకక్కకు అనుమానాలు ఎక్కువ.

"నొప్పి పుట్టినా పళ్ళు బిగబట్టి నడవాలంటావా?"

కండక్టరమ్మ ఆలోచించింది. "ఎందుకక్కా? నొప్పి ముదరకముందే ఆపేద్దాం. రేపు మళ్ళీ బండి తియ్యాలిగా."

మోకాలు వాచి వేడిగా ఉన్న రోజున ఇంట్లోనే పడుకోవాలా అని ఇంకోసారి అడిగింది. పడుకోనక్కర్లేదు, అలాగని నడకా వద్దు, ఒడ్డున కూర్చుని పాదాలు మెల్లగా ఆడించుకుంటే చాలని కండక్టరమ్మ తీర్పు చెప్పింది. ముందుకు నడిస్తే సరిపోతుందా అంటే, రద్దీ బస్సులో తామంతా పక్కకే నడిచేవాళ్ళమంటూ పక్క అడుగులు వేసి చూపించింది. అడిగిన ప్రతిదానికీ జవాబు అంత చప్పున ఎలా తడుతోందో ఆమెకే ఆశ్చర్యంగా ఉండేది.

ఆ జవాబులన్నీ ఇంటికొచ్చి వంటింటి గడపలో నిలబడి ఒప్పజెప్పేది.

"ఇక డాక్టరుగారే మీ దగ్గరికి రావాలి అత్తయ్యా," అని కోడలు నవ్వేది.

వానలు వెళ్ళిపోయాయి. చలి కూడా తగ్గింది.

ఒక సాయంత్రం కింద మరిచిపోయిన కళ్ళజోడు కోసం దిగి, మళ్ళీ మేడెక్కి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాక గానీ కండక్టరమ్మకు తట్టలేదు, తను ఎవరినీ కేకెయ్యలేదని, గోడ కూడా పట్టుకోలేదని. కొడుకు గుమ్మంలోకి వచ్చి చూశాడు. గది మారే మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

ఈ సంగతి ముందు పిచ్చుకక్కకు చెప్పాలి. ఆ వారమంతా ఆవిడ రాలేదు, జలుబేమో అనుకుంది. మర్నాడు మాస్టారిని అడిగింది.

మాస్టారు మెడలో ఈలను తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పాడు.

కండక్టరమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

"పిచ్చి తల్లి. మొదటిరోజు ఎంత వణికిపోయిందో. ఆ భయం పోగొట్టింది నేనే మాస్టారూ. ఆ ఒక్కటీ గొప్పగా చెప్పుకుంటాను."

మాస్టారు నీళ్ళ వంక చూశాడు. చెప్పనని ఆవిడకు మాటిచ్చానని, అయినా ఇప్పుడు దాచడం తప్పనిపిస్తోందని అన్నాడు.

"కిందటి వారం మీ నడక నాకు చూపించి, 'చూశావురా, ఇక ఆమెకు ఎవరి చెయ్యీ అక్కర్లేదు' అని మురిసిపోయారండీ."

"నా నడక సంగతి అక్కకేం తెలుసు? తన అడుగులు తనకే తెలియవు."

"నాకూ, నాకు ముందున్న మాస్టారికీ ఈ నీళ్ళలో ఈత నేర్పింది ఆవిడేనండీ, మా చెయ్యి పట్టుకోనని మొండికేసేవాళ్ళు వస్తే మాత్రం మాకు వదిలేవారు కాదు, తనే వణుకు తెచ్చిపెట్టుకుని ఒడ్డున నిలబడేవారు."